అయిదో గంట

మేదినిని ఓడించడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదని చదరంగం ఆడేవాళ్ల మధ్య ఒక మాట ఉండేది. ఆటని అయిదో గంట దాకా లాగితే చాలు, మిగతా పని ఆవిడే చేసిపెడుతుందని నవ్వుకునేవాళ్లు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన కూడా పడింది. కోపం తెచ్చుకుందామనుకుంది కానీ రాలేదు. అబద్ధమైతే కదా కోపం రావడానికి.

మొదటి నాలుగు గంటలూ ఆమె ఆట చూసి ముచ్చటపడనివాళ్లు ఉండరు. గుర్రాన్ని ఎవరూ ఊహించని గడిలో పెట్టి, కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఆ తర్వాతే కష్టం మొదలయ్యేది. చూసిన గడినే మళ్లీ చూసేది. లెక్కేసిన ఎత్తునే మళ్లీ మొదటినుంచీ లెక్కేసేది. చిన్నప్పటినుంచీ వెంటపడుతున్న ఉబ్బసం సరిగ్గా అప్పుడే నిద్రలేచి ఛాతీలో పిల్లికూతలు పెట్టేది. గెలిచే ఆటని డ్రా చేసుకునేది, డ్రా కావలసిన ఆటని ఓడిపోయేది. అలా జాతీయ జట్టు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగిరావడం ఆమెకి అలవాటైపోయింది. ముప్పై దాటాక ఆ గుమ్మం దాకా పిలిచేవాళ్లు కూడా తగ్గారు.

ఆమె భర్త భద్రం కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు జిల్లా జట్టుకి కబడ్డీ ఆడినవాడు. అతను కూతకి వెళ్తే అవతలి జట్టువాళ్లు పట్టుకోవడం మానేసి, ఊపిరి ఎప్పుడు తెగుతుందా అని చూస్తూ నిలబడేవారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చదరంగంలో బంటు ఎటు నడుస్తుందో కూడా అతనికి సరిగ్గా తెలీదు. కానీ భార్య ఆడే ప్రతి పోటీకీ వెళ్లి, హాలు బయట బెంచీ మీద కూర్చుని, ఆమె బయటికి వచ్చే నడకని బట్టి ఫలితం తెలుసుకునేవాడు.

ఒకరోజు విశాఖపట్నం నుంచి కాత్యాయని ఫోన్ చేసింది. కాలేజీలో మేదినితో పాటు ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితురాలు. ఇప్పుడు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పరిశోధనాలయంలో మెదడు మీద పనిచేస్తోంది.

"నీ అయిదో గంట సంగతి తేల్చేద్దాం రావే. మీ ఆయన్ని కూడా తీసుకురా, ఆయనతోనే అసలు పని" అంది.

ఇద్దరూ వెళ్లారు. కాత్యాయని మాటలతో ఏమీ వివరించలేదు. మేదినిని ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, కాగితం మీద పెద్ద పెద్ద అంకెల గుణకారాలు ఇచ్చి, పొద్దుటినుంచీ భోజనాల వేళ దాకా చేయించింది. భద్రాన్ని మాత్రం పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి పేపరు చదువుకోమంది. చివరికి మేదిని కళ్ల ముందు అంకెలు ఈదడం మొదలయ్యాక, ఇద్దరి మెడల వెనకా చెరొక పట్టీ అంటించింది. వేలెడు వెడల్పు, ముట్టుకుంటే మెత్తగా ఉంది.

మేదినికి మెడ వెనక ఏదో చల్లగా పాకినట్టయింది. మరు నిమిషంలో తల తేలికపడింది. అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు, కిటికీలో సముద్రం కడిగిపెట్టినట్టు కనిపించింది. ఇందాక తప్పు చేసిన గుణకారం ఎక్కడ తప్పిందో ఒక్క చూపులో పట్టేసింది.

పక్క గదిలోంచి భద్రం లేచి వచ్చాడు. రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు.

"ఏమే, నీకు రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఎలాగండీ?"

"బుర్రలో తడి దుప్పటి కుక్కినట్టు. ఒళ్లు బాగానే ఉంది, మాట వెతుక్కోవాల్సొస్తోంది."

"ఇదేముందండీ. ఆటల రోజున ఇంకా ఎక్కువుంటుంది."

భద్రం వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆమె ఆట ముగించుకుని వచ్చినప్పుడల్లా టీ తెప్పించి, 'పర్లేదులే' అనడమే తప్ప, లోపల ఇంత బరువుంటుందని అతను ఎరగడు.

"ఎప్పుడూ చెప్పలేదేం మరి?"

"చెప్తే మీరేం చేస్తారు?"

"ఇదిగో, ఇది చేస్తాను" అని మెడ వెనక పట్టీని తట్టి చూపించాడు. మేదినికి కళ్లు చెమ్మగిల్లాయి. తన అలసట ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉన్నారన్న సంగతి, గెలుపుకన్నా ఎక్కువ అనిపించింది ఆ పూట.

కాత్యాయని ఆ పట్టీలకి వాహిక అని పేరు పెట్టింది. నిజానికి ఆమె వాటిని తయారుచేసింది ఆపరేషన్లు చేసే డాక్టర్ల కోసం. పొద్దున్న కత్తి పట్టుకున్న డాక్టరు సాయంత్రం దాకా అదే చెయ్యితో, అదే చూపుతో ఉండాలి, ఆ అలసటని విశ్రాంతిగా పడుకున్న మరొకరు మోసి, నిద్రలో కరిగించుకోవాలి, ఇదీ ఆలోచన. అయితే డాక్టరు చెయ్యి ఎంత తడబడిందో కొలవడం కష్టం. చదరంగంలో అలా కాదు, ఏ ఎత్తు ఎంత మంచిదో కంప్యూటరు లెక్కగట్టి చెప్పేస్తుంది. అందుకని ఆ ఏడు వర్షాకాలమంతా ఆదివారం ఆదివారం విశాఖలో జరిగే తూర్పుతీరం పోటీలో, అడిగినవాళ్లకి పట్టీలు ఇవ్వడానికి నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఆ పోటీ గెలిచినవాళ్లకి జాతీయ జట్టులో చోటు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆట మధ్యలో పట్టీ తీసేశావంటే అప్పటిదాకా ఆయనకి పంపింది మొత్తం ఒక్కసారిగా నీ మీదకే తిరిగొస్తుంది. ఆయన నిద్రపోయి లేచాక తీస్తే ఇబ్బంది లేదు" అంది కాత్యాయని. పట్టీలో ఒక గేటుందని, దాన్ని సగమే తెరుస్తున్నానని కూడా చెప్పింది.

మేదిని గెలవడం మొదలుపెట్టింది.

మొదటి ఆదివారం ఆమెతో ఆడిన కుర్రాడు అందరిలాగే ఆటని అయిదో గంటలోకి లాగాడు. లాగి, ఎదురుగా కూర్చున్న మనిషి పొద్దుటి ముఖంతో చూస్తుంటే బిత్తరపోయాడు. తర్వాతి వారం మరొకరు. ఆ తర్వాత ఇంకొకరు. ఆవిడ మారిపోయిందన్న మాట పాకింది. పట్టీ కట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు కానీ, వాళ్ల అలసట మోసేవాళ్లు రెండు మూడు వారాలకే మాకొద్దని తప్పుకున్నారు. భద్రం తప్పుకోలేదు.

"నాకేంటే, కబడ్డీ ఆడిన ఒళ్లు" అనేవాడు.

ఆదివారం మోసిన బరువు సోమవారం నిద్రకి కరిగిపోయేది మొదట్లో. తర్వాత మంగళవారం దాకా ఉండేది. ఒక పొద్దున్న మేదిని పెరట్లోకి వెళ్లేసరికి కుళాయి దగ్గర బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఏవండీ?"

"తోముకున్నానా, తోముకోవాలా అని ఆలోచిస్తున్నానే" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కూడా కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఇంకా రెండు ఆటలున్నాయనగా అతని స్కూలు పిల్లలకి జిల్లా కబడ్డీ ఫైనల్ వచ్చింది. వానలో తడుస్తూ, ఎండలో మాడుతూ రెండేళ్లపాటు అతను తయారుచేసిన జట్టు. ఆ సాయంత్రం భద్రం ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"గెలిచారా పిల్లలు?" అంది మేదిని వంటింట్లోంచి.

బయటికి వచ్చి చూసింది.

"బెంచీ మీద నిద్రపోయానే" అన్నాడు. "ఆట సగంలో. నాగదుర్గ మోకాలు పట్టేసింది, దాన్ని మార్చాలి. మార్చేవాణ్ణి నేను. నిద్రపోయాను. అది కుంటుతూనే ఆడింది."

"ఎవరైనా లేపకపోయారా?"

"సారుకి ఒంట్లో బాగోలేదనుకున్నారంట. లేపొద్దని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారంట." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఓడిపోయొచ్చి, నా మీద తువ్వాలు కప్పారే."

మేదిని వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుని బూట్లు విప్పింది. "ఇంక చాలండీ. మానేద్దాం."

"రెండాటలకోసం మానేస్తామా? కబడ్డీ వచ్చే ఏడూ ఉంటుంది. నీకు మళ్లీ ఎప్పుడొస్తుంది ఈ చోటు?"

అతను అలా అంటాడని ఆమెకి తెలుసు. అనాలనే లోపల ఎక్కడో కోరుకుంది కూడా. ఇంకో రెండుసార్లు 'వద్దండీ' అని, ఆ తర్వాత ఊరుకుంది.

చివరి ఆటలో ఆమెకి ఎదురు నిలిచింది పైడిరాజు. అరవై దగ్గరపడిన మనిషి, విజయనగరంలో పిల్లలకి చదరంగం నేర్పుతాడు. పాయింట్లలో ఆమెకన్నా అరపాయింటు ముందున్నాడు, చోటు కావాలంటే ఆమె ఈ ఆట గెలవాలి. ఆయన ఆట చూడ్డానికి ఏమీ ఉండదు. కదిలించడు, కదలనివ్వడు. తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, చివరికి ఎదుటివాళ్లే విసిగి తప్పు చేసేదాకా కూర్చుంటాడు. ఆయనతో ఆట అంటే పొద్దుట మొదలై సాయంత్రం దాకా సాగుతుందని అందరికీ తెలుసు.

అందుకే మేదిని కాత్యాయనిని అడిగింది. "గేటు పూర్తిగా తెరువు, ఈ ఒక్క ఆటకీ."

"పూర్తిగా ఎప్పుడూ తెరవలేదే నేను."

"ఆయనకి చెప్పాను, సరేనన్నారు."

కాత్యాయని వెంటనే ఒప్పుకోలేదు. అలాగని గట్టిగా కాదనలేదు కూడా. ఆ ఆట చూడ్డానికి నలుగురు పెద్ద డాక్టర్లు వస్తున్నారు. ఇన్నేళ్ల శ్రమ వాళ్ల కళ్లముందు నిలబడాలని ఆమెకీ ఉంది. "నేను పక్కనే కూర్చుంటాను. నాడి చూస్తూనే ఉంటాను" అంది చివరికి. ఆట రోజు పొద్దున్న హాలు పక్క గదిలో భద్రం మంచం మీద వెల్లకిలా పడుకుని, పట్టీ అంటించుకుంటూ, "కానివ్వండి డాక్టరమ్మగారూ" అన్నాడు. మేదిని అతని చెయ్యి ఒకసారి నొక్కి, గది తలుపు దగ్గరగా వేసి హాల్లోకి నడిచింది.

పైడిరాజు అప్పటికే వచ్చి కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"పట్టీ కట్టుకున్నావేటమ్మా?"

"అవునండీ. అడిగితే మీకూ ఇచ్చేవారు కదండీ."

"ఎందుకు ఇవ్వరూ, ఇత్తామన్నారు. నా అలసట ఎవులికిచ్చేది? మా ఆవిడికిద్దారంటే, ఆవిడికున్న అలసటే ముందు నాను మొయ్యాల" అని నవ్వి, గడియారం మీట నొక్కాడు.

ఆట అనుకున్నట్టే సాగింది. పైడిరాజు బంట్లని గోడలా పేర్చి వెనక్కి చేరబడ్డాడు. మేదిని గోడ చుట్టూ తిరిగింది, తట్టి చూసింది, ఒక మూల గుర్రాన్ని దింపింది. ఆయన దాన్ని వెళ్లగొట్టాడు. మధ్యాహ్నానికి మంత్రులు రెండూ పోయాయి. పక్క బల్లల మీద జరుగుతున్న మిగతా ఆటలు ముగిసిపోయి, చూసేవాళ్లంతా వీళ్ల చుట్టూ చేరారు. అయిదో గంట వచ్చింది, వెళ్లిపోయింది. మేదినికి దాని అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు.

అలసిపోయింది పైడిరాజు. మొదట కళ్లజోడు తుడవడం మర్చిపోయాడు. తర్వాత ఏనుగుని ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలిసి కూడా కాసేపు గాల్లోనే పట్టుకున్నాడు. రెండు వేళ్లతో కళ్లు నొక్కుకుని, పెట్టకూడని గడిలో పెట్టాడు. పెట్టగానే ఆయనకీ తెలిసింది. పెదవి కొరుక్కున్నాడు. మేదిని ఆ బంటుని తీసేసుకుంది.

ఇప్పుడు ఇద్దరికీ చెరొక ఏనుగు, కొన్ని బంట్లు. ఆమెకి ఒకటి ఎక్కువ. ఆ ఒక్కటి చాలు. దాన్ని చివరి వరస దాకా ఎలా నడిపించాలో దారి మొత్తం కనిపిస్తోంది.

ఆ దారిలో మొదటి ఎత్తు వేసేముందు ఆమె ఒకసారి గట్టిగా గాలి పీల్చుకుంది.

గాలి లోపలికి వెళ్లింది. వెళ్తూనే ఉంది. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట సన్నటి దారం అడ్డం పడినట్టు ఆగిపోయే ఊపిరి, ఆ చోటు దాటి ఇంకా కిందకి, పక్కటెముకల చివరల దాకా, వీపు దాకా వెళ్లి నిండింది. ఛాతీలో చిన్న చప్పుడు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె అలాంటి గాలి పీల్చలేదు. అందరూ రోజూ పీల్చుకునే గాలి ఇదా అని ఆశ్చర్యపోయింది. హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే రెండు ఎత్తులు వేసింది. కాళ్లు ఊరికే కూర్చోలేకపోతున్నాయి, పిక్కల్లో పరిగెత్తాలన్నంత బలం. గుండె నెమ్మదిగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది.

పైడిరాజు ఆలోచిస్తున్నాడు. మేదిని మళ్లీ ఒకసారి ఊపిరి పీల్చింది, ఊరికే, ఆ సుఖం కోసం. వదలకుండా ఎంతసేపు పట్టి ఉంచగలనా అని చూసింది. చాలాసేపు పట్టింది. అలా పట్టి ఉండగానే ఆమెకి కాకినాడ మైదానం గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో చూసింది. తెల్లగీత దాటి ఒక మనిషి కూతకి వెళ్తాడు, అవతలివాళ్లు ఏడుగురూ వెనక్కి జరిగి, అతని ఊపిరి ఎప్పుడు తెగుతుందా అని చూస్తుంటారు.

పట్టిన ఊపిరి వదిలేసింది.

పట్టీ తీసుకెళ్లేది అలసటని. అదివరకెప్పుడూ అటునుంచి ఏమీ రాలేదు. ఆయన దగ్గర ఇంక అలసటకి చోటు లేకపోతే? నిండిపోయిన బిందెలో పోస్తే లోపలున్నది బయటికి పొర్లినట్టు, ఆయన దగ్గరున్నదే ఇటు వస్తుంటే?

ఇది తన ఊపిరి కాదు.

గది తలుపు వైపు చూసింది. తలుపు దగ్గరగా వేసే ఉంది. కాత్యాయని బయటికి రాలేదు. అంటే నాడి బాగానే ఉందన్నమాట, ఆమె కంటికి ఆయన నిద్రపోతున్నట్టే ఉన్నాడన్నమాట. ఈ సంగతి ఈ భూమ్మీద ఒక్క మేదినికే తెలుసు. చూసేవాళ్లలో ఎవరికీ తెలీదు. ఇంకో నాలుగైదు ఎత్తులు, బంటు చివరి వరసకి చేరుతుంది.

ఆ నాలుగూ వేసేసి లేద్దామని ఆమెకి అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అలా అనిపించినందుకే ఆమెకి తనంటే భయమేసింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి పట్టీని పీకేసింది.

పైకప్పు కూలి మీద పడ్డట్టయింది. పొద్దుటినుంచి ఆలోచించిన ఆలోచనంతా, లెక్కేసిన ప్రతి ఎత్తూ తడిసిన బస్తాల్లా వచ్చి తలమీద పడ్డాయి. బోర్డు మీద గళ్లు కలిసిపోయాయి. ఛాతీలో దారం మళ్లీ అడ్డం పడింది. ఊపిరి అందక బల్ల అంచు పట్టుకుంది.

"నేను వదిలేస్తున్నానండీ" అంది. ఓటమి ఒప్పుకోడానికి తన రాజుని పడుకోబెట్టబోయింది.

పైడిరాజు చెయ్యి చాచి ఆ రాజుని నిలబెట్టి పట్టుకున్నాడు. "ఆగమ్మా, ఆగు. ఏటయినాదో సెప్పు."

"మా ఆయన... గదిలో... ఆయన ఊపిరి నాకొచ్చేస్తోందండీ..."

ఆయనకి ఎంత అర్థమైందో గానీ అంతకన్నా అడగలేదు. "ఎల్లు. ముందెల్లి సూసుకో" అన్నాడు. అప్పటికే ఆమె లేచి, కుర్చీలు పట్టుకుంటూ తలుపు వైపు నడుస్తోంది. వెనక మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"గడియారం ఆపు బాబూ. మా రోజుల్లో సాయంత్రమైతే ఆట ఆపీసి, మర్నాడు ఆడుకునీవోళ్లం."

"ఇప్పుడు రూల్సులో లేదండీ" అంటున్నాడు ఆటకి పెద్దగా ఉన్న ఆర్బిటర్.

"రూల్సులో ఆ పట్టీ మాత్రం ఉన్నాదేటి? ఆపు. నాను సంతకం పెడతాను."

గదిలో కాత్యాయని మంచం పక్కన నిలబడి భద్రం భుజాలు కుదుపుతోంది. "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడే, నిద్రపోతున్నాడనే అనుకున్నాను, ఒక్కసారిగా యంత్రం మీద ముళ్లన్నీ ఊగిపోతున్నాయి. నువ్వు పట్టీ తీశావా?" అని అడుగుతోంది. ఆమె ముఖంలో రక్తం లేదు.

భద్రం పెదవులు తెల్లగా ఉన్నాయి. ఛాతీ కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా కదులుతోంది. ఊరంతా చెప్పుకునే ఆ ఊపిరి పక్షిపిల్ల ఊపిరంత అయిపోయింది. మేదిని మంచం మీద వాలి అతని ఛాతీ మీద చెయ్యి వేసింది. తన ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కాత్యాయని ఆమె సంచీలోంచి మందుగొట్టం తీసి ఇవ్వబోతే, వద్దని చెయ్యి ఊపింది. చూస్తోంది. తన ఊపిరి ఒక్కొక్క మెట్టే పొట్టిదవుతుంటే, చెయ్యి కింద అతని ఛాతీ ఒక్కొక్క మెట్టే పైకి లేస్తోంది. మొదట చీమ నడిచినంత. తర్వాత చెయ్యి కదిలేంత. తర్వాత, ఒక పెద్ద నిట్టూర్పు. ఆ నిట్టూర్పుకి చొక్కా గుండీ దగ్గర గుడ్డ బిగిసింది. పెదవుల్లోకి రంగు వచ్చింది.

మేదిని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా దగ్గుతోంది. అప్పుడు గొట్టం అందుకుని మందు పీల్చుకుంది. కాత్యాయని గోడకి జారగిలబడి, అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

"దీన్ని కొలిచే ముల్లు నా దగ్గర లేదే" అంది. "అలసటని కొలిచాను. మనిషిని కొలవలేదు." అప్పటికప్పుడే లేచి వెళ్లి, ఇచ్చిన పట్టీలన్నీ వెనక్కి తెప్పించుకుంటానని ఆ డాక్టర్లకి చెప్పి వచ్చింది. వాళ్లు ఏమన్నారో మేదిని అడగలేదు.

సూర్యుడు ఇంకా కుంగకముందే భద్రం కళ్లు తెరిచాడు. ముందు పైకప్పుని, తర్వాత ముక్కు ఎర్రబడ్డ భార్యని చూశాడు.

"ఆకలేస్తోందే" అన్నాడు.

ఆ ఒక్క మాటకి గదిలో ఇద్దరాడవాళ్లూ పగలబడి నవ్వారు. అతనికేమీ అర్థం కాలేదు. కాత్యాయని కాంటీన్ నుంచి ఇడ్లీలు తెప్పించింది. నాలుగు తిన్నాక గుర్తొచ్చి, "ఆట ఏమైంది?" అన్నాడు.

"ఆపారండీ. రేపు పొద్దున్న ఆడాలి."

"ఆపడమేంటి? గెలుస్తున్నావా?"

"గెలుస్తున్నాను. మీ ఊపిరితో." జరిగింది చెప్పింది. ఇంకో నాలుగెత్తులు వేద్దామనుకున్న క్షణం గురించి కూడా దాచలేదు.

భద్రం ఇడ్లీ ముక్క తుంచాడు. "వెయ్యలేదు కదా" అని, ముక్క చట్నీలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు ఎప్పుడూ. ఆ సాయంత్రం లాడ్జిలో ఇద్దరూ చీకటి పడుతూనే పడుకున్నారు. ఎవరి అలసటతో వాళ్లు.

మర్నాడు పొద్దున్న పైడిరాజు గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, కళ్లజోడు మెరిసేలా తుడుచుకుని వచ్చాడు.

"మీ ఆయనెలాగున్నాడమ్మా?"

"నిన్నే ఆకలని లేచారండీ. పొద్దున్న పెసరట్లు తిన్నారు."

"అయితే బాగున్నట్టే. మరి కానీ, నాను మాత్రం రాత్రంతా నీ బంటునెలాగాపాలా అనే సూత్తన్నాను. జాలి పడతాననుకునేవు."

"నిన్న పడ్డారు కదండీ."

"అది మనిసికి. ఆటకి కాదు."

నిజంగానే ఆయన జాలిపడలేదు. ఆట ఆగినచోట అన్నీ అలాగే ఉన్నాయి, ఆమెకి ఒక బంటు ఎక్కువే ఉంది, కానీ నిన్న వెలుగులో కనిపించిన దారి ఇవాళ మంచులో ఉన్నట్టుంది. ఒక్కొక్క ఎత్తూ తడుముకుంటూ వెతుక్కోవలసి వచ్చింది. తలలో దుప్పటి తడవడం మొదలైంది. అది తెలుస్తోంది. ముందు నుదురు బరువెక్కింది, తర్వాత కళ్లు. ఛాతీలో పిల్లి ఒకసారి కూసి ఊరుకుంది. మేదిని దాన్ని విని, ఎన్నాళ్లకో ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు, పోనీలే అనుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి వెంటనే తెలిసింది. ఏనుగుని ఒక గడి ముందే ఆపింది. పైడిరాజు కూడా చూశాడు, కానీ ఆయనకీ అలుపొచ్చింది, అంది వచ్చిన బంటుని వెంటనే పట్టుకోకుండా ఇంకేదో గొప్ప ఎత్తు కోసం వెతికి, తీరా అది లేదని తెలిశాక పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ పోటీలుపడి చిన్న చిన్న పొరపాట్లు చేశారు. చూసేవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు కూడా. ఏనుగులు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. బంట్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరికి బోర్డు మీద ఇద్దరు రాజులే మిగిలారు, ఖాళీ అయిన ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లలా.

"డ్రాయేనమ్మా" అన్నాడు పైడిరాజు, కుర్చీలో వెనక్కి వాలి. "ఎంతలాగ అలిసిపోయేనో!"

"నేను కూడానండీ" అంది మేదిని. ఆ మాట అంటుంటే ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది.

పోటీ మొత్తం మీద పాయింట్లు కలిపితే అరపాయింటు తేడాతో జాతీయ జట్టులో చోటు పైడిరాజుకి దక్కింది. ఆ వయసులో జట్టుకి వెళ్లడం ఆయనకీ సిగ్గుగానే ఉన్నట్టుంది. చెయ్యి కలిపి, వచ్చే ఏడు చోటు నీదేనని ఏదో అనబోయాడు. మేదిని నవ్వి, "వచ్చే ఏడు కూడా అయిదో గంటలో మీరే గెలుస్తారేమోనండీ" అంది. బాధ లేకపోలేదు. గుండెలో ఒక మూల గుచ్చుకుంటూనే ఉంది. కానీ నిన్న ఆ గదిలో మంచం మీద చూసిన తెల్లటి పెదవులతో పోలిస్తే అది ముల్లు కూడా కాదు.

బయట వరండాలో బెంచీ మీద భద్రం ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు వొలుచుకు తింటూ, పక్కనున్న ఎవరికో కబడ్డీలో కాలు ఎలా పట్టాలో చేతులతో చూపిస్తున్నాడు. ఆమె నడక చూసి ఆగాడు. గెలిచిన నడకా కాదు, ఓడిన నడకా కాదు. అతను పోల్చుకోలేకపోయాడు.

"ఏమైందే?"

"డ్రా. చోటు పోయిందండీ."

"అలిసిపోయావా?"

"చాలా."

అతను లేచి వేరుశెనగ తొక్కలు దులుపుకుని చెయ్యి చాపాడు. "ఆ సంచీ ఇలా ఇవ్వు, నేను మోస్తాను."

మేదిని భుజాన ఉన్న సంచీ తీసి అతని చేతికిచ్చింది. "ఇదొక్కటే" అంది.

వర్షం వెలిసింది. ఇద్దరూ మెట్లు దిగారు. సగం మెట్లు దిగేసరికి ఊపిరి అందక ఆమె ఆగింది. తొందరేమీ లేనట్టు, సంచీ భుజానికి తగిలించుకుని, అతనూ పక్కనే ఆగాడు.